రాయి తీసేసిన ఫోటో

మన ఊరు,
5-3-2006

అల్లుడు చక్రధర్‌కి మామ గంగాధరం దీవించి రాసేది. ఈడ అందరం కులాసా అని రాస్తే అబద్ధమైతాది. మీ అత్త భారతమ్మ వాకిట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకునింది. పుత్తూరుకు పిలుచుకొని పోయి కట్టు కట్టించినాను. ఆదివారం కట్టు మార్చాల. ఇద్దరం ఆడికే పోతాము, రెండు దినాలు ఆడనే ఉంటాము.

ఇంగ అసలు సంగతి. నువ్వు జీతమంతా పోసి పెద్ద కెమెరా కొన్నావని మా అక్క, అదే మీ అమ్మ దేవకమ్మ, నా కాడ ఒకటే ఏడుపు. ఆ ఏడుపుకు రవ్వంత పుణ్యమన్నా దక్కనీ. ఆదివారం నువ్వు వచ్చి మన మామిడితోటను ఫోటో తీయి. బావి వెనకాల నిలబడి కొండపక్కకు తిరిగి తీయి. బావి మొదులుకొని కొండ కింద దాకా అంతా పడల్ల. ఏదీ వదలద్దు. ఎందుకు, ఏమిటని అడగద్దు. ఉత్తరంలో రాసే సంగతి కాదు. మెడకాయ మీద తలకాయ ఉండేవాడివి, అర్థం చేసుకో.

ఫోను చేయద్దు. ఊరికంతా ఫోను ఉండేది పక్క తోట ఆదిమూలం ఇంట్లోనే అని నీకు తెలుసు.

ఇట్లు నీ మేలు కోరే మామ,
గంగాధరం

తా.క.: తోటలో కుక్క మీదికొస్తాది. దాని పేరు కూడా ఆదిమూలమే. పేరు పెట్టి పిలిస్తే ఊరుకుంటాది. గట్టిగా మాత్రం పిలవద్దు, పక్క తోటలో నుంచి కూడా పలుకుతారు.

—

తిరుపతి,
14-3-2006

మామకు, కట్టుతో ఉండే అత్తకు చక్రధర్ నమస్కారాలు.

చెప్పినట్టే ఆదివారం వచ్చినాను. ఫోటో ఈ కవరులోనే ఉండాది. మామూలు సైజు కాదు, గోడకు తగిలించే సైజు. ఎందుకని అడగద్దంటే అడగలేదు గానీ, కిటికీలో నుంచి మీ హాల్లో కొత్తగా సున్నం కొట్టించిన గోడ చూసినాక నాకే అర్థమైంది.

బావి వెనకాల నిలబడితే ఎండ నేరుగా లెన్సులో పడతాది. అందుకని కొండ ఎక్కి బోడిబండ మీద కూర్చున్నాను. ఆడి నుంచి బావి, తోట, అంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తాది. పొద్దు వాలేదాకా కాచుకున్నాను. మిట్టమధ్యాన్నం ఫోటో తీసేవాళ్ళను పోలీసులకు పట్టివ్వాలని నా అభిప్రాయం. ఫ్లాష్ వేసేవాళ్ళకు బెయిలు కూడా ఇవ్వకూడదు. మా ఆఫీసులో ఒకాయన ఆరు మెగాపిక్సెళ్ళా, ఎనిమిదా అని నన్ను దినమూ చంపుతాడు. చట్టి పెద్దదైతే పులుసుకు రుచి వస్తాదా? చూసే కన్ను ఉండల్ల.

తీసినది సగం పనే మామా. మిగతా సగం కంప్యూటర్లో. ఆకాశం వెలవెలబోయింటే కొంచెం నీలం పోసినాను. మోటారు కరెంటు తీగ తీసేసినాను. కొండ కింద, తోట చివరన తెల్లటి రాయి ఒకటి కంట్లో నలుసు మాదిరి పొడుచుకొని కనిపిస్తా ఉండె. ఎవరో పని లేనోళ్ళు దానికి సున్నం కూడా పూసినారు. దాన్ని పెరికేసి ఆ తావులో గడ్డి మొలిపించినాను. తాత దిగొచ్చినా కనుక్కోలేడు.

ఇంటర్నెట్‌లో ఫోటోల సైటు ఒకటుండాది. దాంట్లో కూడా పెట్టినాను. దేశదేశాలోళ్ళు మెచ్చుకున్నారు. బ్రెజిల్ ఆయన ఒకడు "ఎంత ప్రశాంతమైన చోటు" అని రాసినాడు.

అల్లుడు,
చక్రధర్

తా.క.: ఫ్రేము కట్టించేటప్పుడు బంగారు రంగు వద్దు. కళ చచ్చిపోతాది.

—

కార్వేటినగరం,
21-3-2006

రేయ్ చక్రా!

దీవెనలు ఈసారికి లేవు.

ఆ రాయికి సున్నం పూసిన పని లేనోణ్ణి నేనేరా! ఫోటోలో బాగా కనపడల్లనే పూసినాను!

అది సర్వే రాయి. బావి దరి నుంచి ఆ రాయికి తిన్నగా గీత గీస్తే అదీ మాకూ ఆదిమూలానికీ గెట్టు, హద్దు. నడుమన మట్టిగట్టు మాదిరి ఉండిన గెనిమ ఏనాడో వానలకు కరిగిపోయింది. అంచున ఉండే రెండు వరసల తోతాపురి చెట్లు మా నాయన నాటినవి. అవి తనవని వాడు ఈ నడుమ లేచినాడు. పంచాయితీ పెద్ద దేవరాజులు కాడికి పోయినాము. వాడు ఆ రాయిని ఏదో ఒకనాడు పెరుకుతాడని నాకు తెలుసు. అందుకే ఫోటో తీయమన్నాను.

నేను అనుకున్నట్టే చేసినాడు. మేము పుత్తూరు నుంచి వచ్చేతలికి రాయి లేదు, గుంత కూడా పూడ్చేసినాడు. పోనీలే, ఫోటో ఉండాది గదా అని, నీ ఉత్తరం కూడా చదవకుండా ధైర్యంగా రచ్చకు పోయినాను. నలుగురి ముందర నీ ఫోటో విప్పి, "ఇదిగో సూడండప్పా రాయి" అని వేలు పెట్టినాను. వేలు కింద గడ్డి! ఆదిమూలం నా కన్నా ముందు చప్పట్లు కొట్టినాడు. "గంగాధరం తెచ్చిన సాక్ష్యమే చెప్తా ఉండాది, రాయి లేదని" అన్నాడు.

వాడు ఈడ గడ్డపారతో పెరికినాడు, నువ్వు ఆడ కంప్యూటర్లో పెరికినావు. ఇద్దరూ మాట్లాడుకొని చేసినట్టుండాది. రాయి ఉండే ఫోటో బిన్నా పంపు, ఆలస్యం చేయద్దు.

గంగాధరం

తా.క.: మొదటి ఉత్తరంలో ఇదంతా రాయలేదెందుకంటే, ఊళ్ళో ఉత్తరాలు పంచే చిన్నబ్బ ఆదిమూలం బామ్మర్ది. కవరు ఆవిరికి పట్టి చదువుతాడు. ఇంగ మీదట కార్వేటినగరం ఎరువులంగడికి రాయి.

ఇంకో తా.క.: ఆ బ్రెజిల్ ఆయనను వచ్చి ఒక పూట ఆదిమూలం పక్కన కాపురం ఉండమను. ప్రశాంతం తెలుస్తాది.

—

తిరుపతి,
27-3-2006

కోపంలో ఉండే మామకు దూరంగా నిలబడి పెట్టే నమస్కారం.

తప్పు నాదే అని నువ్వంటావు. సర్వే రాయి అని ముందే ఒక మాట రాసింటే నేను దాని పక్కకు పోయిందును కాదు. కళ దృష్టితో చూస్తే మాత్రం అది లేకుండా ఉండడమే బాగుండాది. ఈ మాట కళ గురించి, నీ తోట గురించి కాదు.

నీ అదృష్టం, బండ దిగి వచ్చేటప్పుడు ఆ రాయిని దగ్గర నుంచి కూడా ఒక ఫోటో తీసినాను. అది పంపిస్తా ఉండాను. దీనికి వేరే లెన్సు వాడినాను. ఈ లెన్సు గొప్పతనం ఏమంటే, దేన్ని చూడమంటే దాన్ని మాత్రం చూపిస్తాది, మిగతాదంతా వెన్న మాదిరి కరిగిపోతాది. లోకంలో మనుషులకు కూడా ఇట్లాంటి లెన్సు ఒకటి ఉంటే సగం తగవులు ఉండవు.

నువ్వు ఎడిట్ చేయని మొదటి ఫోటోనే అడుగుతావేమో. అది మాత్రం అడగద్దు. దిద్దని ఫోటోను బయట పెట్టడమంటే తలకు పోసుకోకుండా పెండ్లిపీట మీద కూర్చున్నట్టు. నాకంటూ రవ్వంత పేరుండాది.

అత్త చెయ్యి ఎట్లుండాదో రాయి.

చక్రధర్

తా.క.: ఈ ఫోటోకు సైటులో ఆ వారం రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఒక పిల్లికి పోయింది.

—

కార్వేటినగరం,
4-4-2006

అల్లుడా,

బహుమతి ఎందుకొచ్చిందో కవరు చింపినాకనే తెలిసింది. ఫోటో అంతా తొండ! దాని కంటిపాప, గొంతు కింద ముడతలు, అన్నీ లెక్కపెట్టచ్చు. అది దేని మీద కూర్చోనుందో మాత్రం ఆ దేవునికే తెలియల్ల. అంతా మబ్బు.

అయినా వేరే దిక్కు లేక రచ్చలో పెట్టినాను. దేవరాజులు కండ్లద్దాలు తుడిచి తుడిచి చూసినాడు. ఆదిమూలం లేచి, "తొండ ఉన్నమాట నిజమే పెద్దాయనా, దాన్ని నేను కాదనను. తొండకు గంగాధరం ఎంత రాసిచ్చినా నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. జనం పడీపడీ నవ్వినారు. మీ అత్త కూడా నవ్వింది. చెయ్యి నొప్పంటూనే నవ్వింది.

అంతటితో నిలిచింటే బాగుండు. దేవరాజులు ప్రమాణం అడిగినాడు. వాడు వెనకాడతాడనుకున్నాను. కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, తడిగుడ్డలతో వినాయకుని ముందర నిలబడి, "ఆడ రాయి అనేది ఎన్నడూ లేదు, నేను చూసి ఎరగను" అని ప్రమాణం చేసి వచ్చినాడురా! ఇప్పుడు ఊరంతా వాని పక్కకు తిరిగింది. కాణిపాకంలో ఎవడన్నా అబద్ధం చెప్తాడా అంటారు. సోమవారం రచ్చలో కడాపటి కూర్పు, ఆ పొద్దే తీర్పు.

నేను ఎగతాళికి రాయలేదు చక్రా. నాకు భయంగా ఉండాది. ఆ చెట్లు నాటిన ఏడాది వానల్లేవు. మా నాయన కావిడితో నీళ్ళు మోసి ఒక్కొక్క చెట్టుకు చెంబుతో పోసినాడు. ఆయన వెనకాల చెంబు పట్టుకొని నడిచినోణ్ణి నేను. అవి పోతే ఆ దోవన నేను నడవలేను.

దిద్దని ఫోటో పంపు. నీలం పోయద్దు, గడ్డి నాటద్దు, తొండను కూర్చోబెట్టద్దు. నీకు చేతులెత్తి మొక్కుతాను, నీ తెలివి ఒక్కసారికి పక్కన పెట్టు.

గంగాధరం

తా.క.: మొదటి బహుమతి తెచ్చుకున్న ఆ పిల్లి ఎవరిదో గానీ, నీ కన్నా దాన్ని పిలిపించింటే పని అయిపోయిండు.

—

తిరుపతి,
7-4-2006

మామా,

నీ ఉత్తరం చదివినాను. తాత కావిడి సంగతి అమ్మ కూడా చెప్పింది.

పంపిస్తా ఉండాను. కెమెరాలో పడింది పడినట్టే, ఒక చుక్క కూడా మార్చలేదు. తోట పక్కకు వాలిపోయింది, ఆకాశం సున్నపు నీళ్ళ మాదిరి ఉండాది, మూలన నా చెప్పు కూడా పడింది. నా జన్మలో ఇంత అవమానమైన ఫోటో బయటికి పంపలేదు. రాయి మాత్రం ఉండాది. తెల్లగా, నిక్షేపంగా.

నా మీద నమ్మకం లేదని తెలుసు. అందుకే కవరుకు నాలుగు పక్కలా లక్క వేసినాను. నువ్వు కూడా చింపద్దు. నేరుగా దేవరాజులు చేతికియ్యి, నలుగురి ముందర ఆయనే చింపితే ఎవరూ వేలెత్తి చూపరు.

సైటులో కూడా ముందు ఫోటో, దిద్దిన ఫోటో పక్కపక్కన పెట్టినాను, నా పనితనం తెలియల్లని. ఆడ కూడా తగవే వచ్చింది. రాయి ఉంటేనే ఫోటోకు నిండుతనం అని సగం మంది, తీసేసిందే మేలని సగం మంది. ఏ ఊళ్ళో రాయి పెట్టినా పంచాయితీ తప్పదు.

చక్రధర్

తా.క.: ఫోటో తీసింది ఎవరని దేవరాజులు అడిగితే నా పేరు చెప్పద్దు. దోవన పోయే వాడెవడో తీసినాడని చెప్పు.

—

మన ఊరు,
12-4-2006

అల్లుడు చక్రధర్‌కి మామ గంగాధరం మనసారా దీవించి, ఏం రాయాల్నో తెలియక రాసేది.

నువ్వు చెప్పినట్టే కవరు చింపకుండా దేవరాజులు చేతికిచ్చినాను. ఊరంతా రచ్చలోనే ఉండె. ఆయన లక్క ఊడబెరికి, ఫోటో తీసి, మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. "రాయి ఉండాదప్పా" అన్నాడు. నా పానం లేచొచ్చింది. ఆదిమూలం మొగం మాడిపోయింది.

దేవరాజులు అంతటితో ఊరుకుంటే గదా! చీపురుపుల్ల ఒకటి తెమ్మన్నాడు. పుల్ల ఒక కొన బావి మీద, ఇంకో కొన రాయి మీద పెట్టినాడు. పెట్టి, చాలాసేపు చూసినాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

రేయ్, పుల్లకు ఈ పక్క నుండాల్సిన మా నాయన చెట్లు ఆ పక్క ఉండాయి. రెండు వరసలూ! మూడో వరసలో సగం కూడా! కింద నిలబడితే చెట్లు అడ్డం, ఇన్నేండ్లుగా మా కంటికి ఆనలేదు. నువ్వు చెప్పిన మాట వినకుండా ఆ బండ ఎక్కి తీసినావు చూడు, ఆడి నుంచి చూస్తే అద్దం మాదిరి తెలుస్తా ఉండాది. ఆ వరసలు ఆదిమూలానివే. వాని రాయిని వాడే పెరికి పారేసినాడు. మా నాయన నీళ్ళు మోసింది పరాయి భూమిలో అని అందరి ముందర తేలిపోయింది.

ఆదిమూలం కూడా వంగి చూసినాడు. వానికి అర్థమైంది. మొగం పున్నమి చంద్రుడైంది. "చూసినారా, నేను మొదటి నుంచి..." అని నోరు తెరిచినాడు.

దేవరాజులు తలెత్తకుండానే అడిగినాడు. "ఏమప్పా ఆదిమూలం, ఈ రాయి ఉండినట్టా, లేనట్టా?"

ఉండింది అంటే కాణిపాకంలో చేసిన ప్రమాణం అబద్ధం. లేదు అంటే చెట్లు పోతాయి. వాని కండ్లలో నీళ్ళు తిరిగినాయి చక్రా, నేను చూసినాను. కడాకు, "లేదు పెద్దాయనా. ఆ రాయిని నేను చూసి ఎరగను. గంగాధరం అల్లుడు కంప్యూటర్లో రాళ్ళు పెడతాడు, తీస్తాడు. ఆ ఫోటోను నమ్మద్దు" అన్నాడు.

రాయే లేనప్పుడు గెట్టు మారే పని లేదు, ఎవరి అనుభవంలో ఉండేవి వాళ్ళకే అని దేవరాజులు తీర్పు చెప్పి లేచినాడు. చెట్లు నాకే మిగిలినాయి. గెలిచినోడిని నేను, అయినా అన్నం సయించలేదు. ఈ ఏడు ఆ వరసల్లో దిగే కాయలో సగం వాళ్ళింటికి పంపమంటాది మీ అత్త. పంపుతాను. ఏమని చెప్పి పంపాల్నో అదే తోచలేదు. నీ కాయ నీకే పంపినానని చెప్పలేను గదా.

నీ మామ,
గంగాధరం

తా.క.: ఇంటర్నెట్‌లో పెట్టిన రాయి ఉండే ఫోటోను ఈ పొద్దే తీసేయి. దేశదేశాలోళ్ళు చూస్తా ఉండారంటివే, కాణిపాకం ఆయన మాత్రం చూడకుండా ఉంటాడా? పాపం, ఆదిమూలం పిల్లలు గలవాడు.