యాదన్న గురక

అన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. కోడికూర, గారెలు వండాం. నీకిష్టమని చేవెళ్ల రోడ్డు మీది ఈతవనం నుంచి కల్లు తెచ్చి నీ ఫోటో ముందు పెట్టాం. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో నీతోపాటు తోటపని చేసిన యాదన్న కూడా వచ్చాడు. మొన్న నిచ్చెన మీంచి పడ్డాడట. నడుముకు పట్టీ ఉంది, జేబులో నువ్వు వేసుకున్న నొప్పి గోలీలే ఉన్నాయి.

నీకు పెట్టిన కల్లు అందరం తలా గుటక తాగాలి కదా. యాదన్న గ్లాసు ఎత్తగానే అవ్వ చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. గోలీలు ఏస్కుంటున్నవ్ గద."

"కల్లేనాయె అవ్వా, సారా గాదు గద. గోలీల వేడికి చలువ జేస్తది. తాగకుంటే మావోడు నారాజ్ గాడా?"

అచ్చం నీ మాటే. ఆ మధ్యాహ్నం నువ్వూ చలువ అనే తాగావు. నీ గురక విని, ఇన్నాళ్లకు కంటినిండా నిద్రపట్టిందని అవ్వ టీవీ సౌండ్ తగ్గించింది. ఆ గోలీల మత్తూ కల్లు మత్తూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చని దవాఖానలో చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

"నారాజైతే వచ్చి నాతోని కొట్లాడుమను," అంటూ అవ్వ గ్లాసు లాక్కుని మజ్జిగ ఇచ్చింది.

తిన్నాక యాదన్న నీ మంచం మీద ఒరిగాడు. గురక మొదలైంది. గిన్నెలు తోముతున్న అవ్వ తడిచేతులతోనే వచ్చి భుజం కుదిపింది.

"ఏందవ్వా?"

"ఏం లేదు బిడ్డా. పండుకో."

మళ్లీ గురక. మళ్లీ లేపింది. చాయ్ వేళదాకా పాపం, ఆయన్ను కునుకు తీయనివ్వలేదన్నా.