ఇంకుడు గుంతలో నీలం

జూన్ పన్నెండు, బుధవారం

చిరంజీవి చిట్టికి,

అమ్మమ్మ దీవెనలు. మోకాళ్లు తప్ప నేను క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను. అమ్మకు దగ్గు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. తగ్గలేదు కాబట్టే రాయలేదేమోనని రెండు రోజులుగా నాకు అదే బెంగ.

నువ్వు బడిపిల్లల కోసం రాసి పంపిన పుస్తకం కాగితాలు అందాయి. మూడో తరగతితో బడి మానేసిన నాకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనని రాశావు. పరీక్ష పెట్టడానికి భలే మనిషిని పట్టావు. జారిపోయే కళ్లజోడును ఒక చేత్తో పట్టుకుని అంతా చదివాను.

పర్యావరణం అంటే మన చుట్టూ ఉండే గాలి, నీరు, నేల, ప్రాణులు అని రాశావు. బాగుంది, కానీ మనల్ని గుమ్మం బయట నిలబెట్టినట్టుంది. మనమూ అందులోనే ఉన్నామని ఒక ముక్క చేర్చు. జీవవైవిధ్యానికి నా నోరు తిరగలేదు. రకరకాల ప్రాణులు ఒకదాని ఆసరాతో ఒకటి బతకడం అని కింద చదివాక, ఓస్, ఇంతేనా అనిపించింది. ఆహార గొలుసులో విషం పెరిగే సంగతి మాత్రం రెండుసార్లు చదివాను. నాచులో చిటికెడు, నాచు తిన్న చేపలో పిడికెడు, చేపల్ని తిన్న కొంగలో ఇంకా ఎక్కువ. పుకారూ అంతే కదే. ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయేకొద్దీ పెరుగుతుంది.

ఆ పుకారు గురించే రాయాలని కూర్చున్నాను. ఇంతసేపూ డొంకతిరుగుడుగా తిరిగాను.

భూగర్భ జలం అనే మాట కింద మా వీధి కథ రాశావు. వీధి చివర బ్యాటరీలు బాగుచేసే ఆయన యాసిడ్ పారబోసి నాలుగిళ్ల బావులు పాడుచేశాడని రాశావు. తప్పు నీది కాదు. చిన్నప్పుడు నీకు అన్నం పెడుతూ ఆ కథ చెప్పింది నేనే.

అప్పట్లో మన పెరట్లో నూలుకు రంగులు అద్దేదాన్నని నీకు తెలుసు. ఆ పనితోనే మీ అమ్మను పెంచాను. మిగిలిన రంగునీళ్లు మొదట్లో వీధి కాలవలో పోసేదాన్ని. కాలవకు అటువైపు ఇళ్లవాళ్లు ఊరుకునేవారు కాదు. మీ కాలవ చూస్తే చాలు, ఇవాళ ఏ రంగుకు గిరాకీయో తెలిసిపోతుందని ఎకసెక్కాలాడేవారు. సిగ్గేసి, పెరట్లో వాననీటి కోసం తవ్వించిన ఇంకుడు గుంతలో పోయడం మొదలుపెట్టాను. గుంతలో గులకరాళ్లు, ఇసుక ఉన్నాయి. ఎన్ని బిందెలు పోసినా క్షణంలో మాయం. కాఫీ వడకట్టినట్టు నేలే వడకట్టేస్తుందనుకున్నాను. నా అంత తెలివైనది వీధిలో లేదనుకున్నాను కూడా. నాలుగేళ్లు పోశాను.

ఇంకుడు గుంతలో వాననీళ్లే పోవాలని, అందులో పోసిందంతా కింద నీళ్లలో కలుస్తుందని నీ పుస్తకంలో చదివాక కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను.

అప్పట్లో ఆ నాలుగిళ్ల బావుల నీళ్లు ఉప్పగా, చేదుగా మారాయి. గిన్నెల మీద తెల్లటి పొర కట్టేది. అందరూ బ్యాటరీల కొట్టు మీద పడ్డారు. మేమూ ఆ బావి నీళ్లే తాగుతున్నాం కదమ్మా, నా పిల్లకు నేనే విషం పోసుకుంటానా అని ఆయన ఒక్కొక్కరినీ అడిగాడు. నన్నూ అడిగాడు. ఏమో అన్నయ్యా, చదువులేనిదాన్ని, నాకేం తెలుసు అన్నాను. నెల తిరక్కుండా కొట్టు మూసి, సామాను బండికెక్కించుకుని వెళ్లిపోయారు. ఆయన భార్యను నేను వదినా అని పిలిచేదాన్ని. వెళ్లేటప్పుడు ఇంటింటికీ పోయి వెళ్లొస్తానని చెప్పింది. నా గుమ్మం మాత్రం ఎక్కలేదు.

ఈ పుస్తకం పంచే బళ్లలో వాళ్లమ్మాయి పాఠాలు చెప్పే బడి కూడా ఉందని రాశావు. ఆ పిల్ల తన నోటితోనే తండ్రి మీద పడ్డ నిందను పిల్లలకు చదివి వినిపించాలా? వచ్చే వారం శుక్రవారం అచ్చుకు పోతుందన్నావు. ఈలోగా ఆ పేజీ మార్చు తల్లీ. ఇలా రాయి: భూగర్భ జలం అంటే నేల కింద నీళ్లు. పైన ఇళ్ల మధ్య గోడలుంటాయి, కింద నీళ్లకు గోడలుండవు. మా అమ్మమ్మ తన పెరట్లో పోసిన రంగునీళ్లు నాలుగిళ్ల బావుల్లోకి పోయాయి. తెలియక పోసింది.

మీ అమ్మకు నేనే చెబుతాను, నువ్వు తొందరపడకు. కవరు తడవకుండా రెండు కాగితాలు చుట్టి పంపుతున్నాను. అందగానే కబురు చెయ్యి.

నీకు ముఖం చూపించడానికి జంకుతున్న
అమ్మమ్మ

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. తెలియక పోసింది అన్న మాట కొట్టెయ్యి. మొదట తెలియదు, నిజమే. ఆఖరి వారంలో తెలుసు. వాళ్లు వెళ్లడానికి వారం ముందు వదిన ఒక దిండు గలీబు తెచ్చింది. తమ బావి నీళ్లలో రాత్రంతా నానబెట్టిన తెల్ల గలీబు, లేత నీలం తిరిగింది. వదినా, ఇది నీ రంగేమో చూడు అని మెల్లగా అడిగింది. అరిచి ఉంటే నయంగా ఉండేది. నా చేత్తో కలిపిన నీలం నాకు తెలియదా? యాసిడ్ తగిలితే గుడ్డ ఇలాగే అవుతుంది వదినా, ఇటివ్వు, ఉతికి ఇస్తాను అని చేతిలోంచి లాక్కున్నాను. ఉతకలేదు, తిరిగి ఇవ్వలేదు. ఒక మూల కత్తిరించి ఇందులో పెట్టాను. నువ్వు నమ్మడానికి. మిగతాది నా పెట్టెలో ఉంది. వాళ్లమ్మాయి ఇంటి అడ్రసు కనుక్కుని రాయి. ఆ గలీబు నేనే తీసుకెళ్లి ఇవ్వాలి.