కాలేజీ ఫ్రిజ్‌లో ఉన్న మా దీక్షిత సీసాలు

జిల్లా అధికారి గారికి,

అయ్యా,

విషయం: తాండూరులో కాలేజీ ఫ్రిజ్‌లో ఉన్న ఆకు రసం సీసాలు పారబోయకుండా, మిగిలిన పరీక్ష చేయించుట గురించి.

నవాబుపేట మండలంలో ఉండే మొగులమ్మ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నా బిడ్డ దీక్షిత తాండూరులో ఎమ్మెస్సీ చదివేది. మా దిక్కు రొమ్ము గడ్డకు తాగించే ఆకు రసం నిజంగా పనిచేస్తుందా లేదా అని పరీక్షలు మొదలుపెట్టింది. మొదటి పరీక్షలో ఊదా రంగు నీళ్లు రసం పోయగానే పసుపు రంగుకు తిరిగాయట. నేను సంబరపడితే, "రంగు మారితే రోగం పోయినట్టు గాదమ్మా. ఇంక క్యాన్సర్ కణాల మీద చూడాలె. గప్పుడు గూడ మందని చెప్పరాదు" అన్నది. ఆ రెండో పరీక్షకు సీసాలు హైదరాబాద్ పంపేలోపే బండల లారీ కింద పడి నా బిడ్డ పోయింది.

2. ఈ నెలాఖరుకు ఫ్రిజ్ ఖాళీ చేస్తారట. సీసాలు పంపమని అడగబోతే కాలేజీల ల్యాబు చూసే మహిధర్ సారు "విద్యార్థి సంతకం కావాలె పెద్దమ్మా" అన్నారు. "విద్యార్థి లేదు గద సారూ" అన్నాను. "గందుకే పంపరాదు" అన్నారు. ఈ రూలు నాకు సమజు కాలేదు. తమరికి అయితే తెలుపగలరు.

3. మా ఇంటిపక్క చంద్రవ్వ గడ్డకు పట్నం దవాఖానలో సూదులు వేయించుకుంటున్నది. "దవాఖాన మానకు చిన్నమ్మా, ఆకు సంగతి నేను తేల్చి చెప్త" అని నా బిడ్డ ఆమెకు మాటిచ్చింది. ఇప్పుడు ఆమె నన్ను అడుగుతున్నది, "సూదులకు పానం పోతున్నది మొగులమ్మా, ఆకే తాగుదునా?" అని. తాగమని నేను చెప్పను. వద్దంటే, "నీకేం తెలుసు" అంటున్నది.

4. ఇంతకుముందు ఒక అర్జీ ఇచ్చాను. అందులో ఆకు అని ఉన్నందుకు పంటల సారును పంపారు. ఏం పురుగు పట్టిందని అడిగి పోయారు.

కావున ఆ సీసాలను ఎవరి సంతకంతోనైనా పరీక్షకు పంపించగలరు. పేరు ఎవరిది వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆకు పనిచేయదని తేలినా సరే, ఆ మాట చెప్పించగలరు. నా మనవి దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మొగులమ్మ, దీక్షిత తల్లి

మరొక్క మాట: మళ్లీ ఆకు తెచ్చిస్తే వేరే అమ్మాయితో కొత్తగా చేయిస్తామని మహిధర్ సారు అన్నారు. ఆ ఆకు పొద్దు పొడవకముందు నోరు మెదపకుండా కోయాలి, మాట్లాడితే గుణం పోతుందని మా ఆచారం. నేను అట్లనే కోసిచ్చాను. నా బిడ్డ ఆ ఆచారం కూడా పరీక్షకు పెట్టాలని, మధ్యాహ్నం పూట నాతో పరాచికాలాడుకుంటూ ఇంకొక సంచి కోసింది. రెండూ వేరే వేరే సీసాల్లో ఉన్నాయి. నోరు మూసుకొని కోసే ఆకు ఎన్నిసార్లయినా తెచ్చిస్తాను సారూ. నా బిడ్డ మాట్లాడుకుంటూ కోసిన ఆకు యాడికెల్లి తేవాలె?