పోస్టు చెయ్యని దరఖాస్తు

అలియాబాద్,
12 జులై 2004

తమ్ముడు ఫిన్నీకి అక్క రాస్తున్నది.

అమ్మ సమాధికాడనే నీకు చెప్దామనుకున్న గని నోరు రాలె. నాలుగేండ్ల కింద, బెంగుళూరుల కంప్యూటర్ల పీహెచ్‌డీ చెయ్యనీకి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపి, పోస్టు చెయ్యమని నాకిచ్చినవ్. నేను చెయ్యలె, పొయ్యిల పెట్టిన. నువ్వు బెంగుళూరు పోతే, మంచంల పడ్డ అమ్మను ఒక్కదాన్నే ఎట్ల చూసుకోవాలె అని భయమైంది.

జవాబు రాకపోయేసరికి "నాకంత తెలివి లేదక్కా" అనుకుంట మేడ్చల్ల టైపింగ్ నేర్పే కొలువుల చేరినవ్. నేను నిజం దాచి నీకు అన్నం పెట్టిన.

మొన్న మీ కాలేజీ సారు కాడికి పోయి, ఆ స్కాలర్‌షిప్‌కు మల్ల దరఖాస్తు పెట్టొచ్చా అని అడిగిన. "ఇగ వయసు దాటిపోయిందమ్మా" అన్నడు.

నన్ను క్షమించమని అడగను. నీకు తెలివి లేదని మాత్రం ఇంకెన్నడు అనకు.

మీ అక్క