కంప్యూటర్‌కి లేసు తొడుగు

జోయెల్,

చేపల పులుసు గిన్నెలో ఉంది, వేడి చేసుకుని తిను. నేను నరసాపురం వెళ్ళి అల్లిన లేసు ఇచ్చేసి వస్తాను.

కంప్యూటర్ షాపతను ఫోన్ చేశాడు. నువ్వనుకున్న డబ్బుల్లో కంప్యూటర్ సామాన్లన్నీ రావంట, గ్రాఫిక్స్ కార్డు చిన్నది తీసుకోమంటున్నాడు. ఒప్పుకోకు. ఆ రంగు లైట్ల అద్దాల కేబినెట్ మానేసి మామూలు రేకుది తీసుకో. ఆట ఆడేది కార్డుతో గానీ లైట్లతో కాదుగా.

టీవీకి, ఫ్రిజ్‌కి వేసినట్టే రాబోయే కంప్యూటర్‌కీ లేసు తొడుగు అల్లాను. అది కప్పితే గాలాడక లోపల వేడెక్కిపోతుందని చెల్లితో అన్నావంట. వారం రోజులు పక్కనే కూర్చుని చూశావు, నాకెందుకు చెప్పలేదురా? పొద్దున్నే విప్పేశాను. ఆ దారంతోనే కీబోర్డు కింద పరుచుకోడానికి అల్లుతాను.

అమ్మ

ఆ కీబోర్డు కింది లేసు మీద టీ గ్లాసు పెట్టావంటే మాత్రం, కంప్యూటర్‌కి మళ్ళీ తొడుగేస్తాను.