వినే మనిషి అని నా పేరు

శుక్రవారం, ఇచ్చోడ.

గురుపూజోత్సవానికి ఈసారి పిల్లల చేత చీటీలు రాయించారు. బడిలో తమ మాట వినే మనిషి ఎవరో రాయాలి. టీచరైనా సరే, వంటామె అయినా సరే. ఎక్కువ చీటీల్లో నా పేరే వచ్చింది.

హెడ్మాస్టరు నవ్వాడు. "పొద్దుగూకెదాక బడి ఇడ్వకపోతివి, పిల్లలు ఇంకెవరి పేరు రాస్తరు? సోమవారం శాలువా నీకే. జర ఇస్త్రీ అంగీ ఏస్కొని రా."

నా భార్య సుజాత చనిపోయాక ఇంటికి తొందరగా వెళ్లలేక బడిలో కూర్చుంటున్నాను, అంతే. ఎవరో ఒకరు వచ్చి ఏదో చెబుతారు. నేను తల ఊపుతాను.

పదో తరగతి షబానా చీటీని అందరి ముందూ చదివారు. "చదువు బంద్ చేద్దామనుకున్న రోజు సారుకు అంత చెప్పిన. సారు ఇన్నడు. అందుకే బంద్ చెయ్యలే."

ఆ అమ్మాయి వచ్చి కూర్చోవడం గుర్తుంది. చెప్పినదాంట్లో ఒక్క మాటా గుర్తు లేదు.

శాలువా వద్దనుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర షబానా ఆపింది.

"సార్, ఆదివారం ఇంటికొచ్చి మా అబ్బాతోని మాట్లాడున్రి అంటే తల ఊపిన్రు గదా. యాదికున్నదా?"

"ఉంది" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. వినని వాడి దగ్గర ఆ పిల్లకు ధైర్యం ఎలా దొరికిందో అసలే తెలియదు. సుజాత ఉంటే అడిగేవాణ్ణి.

ఆదివారం వాళ్ల నాన్నతో ఏం మాట్లాడాలి? రేపు షబానాను పిలిచి మొదటి నుంచి మళ్లీ చెప్పమనాలి. అప్పుడు వినలేదని ఒప్పుకోవాలి. ఆ తర్వాత కూడా చెబుతుందో, లేదో...