బాత్రూంలో బతికున్న రాయి

ఏమండీ, ఇంటికి రాగానే ఈ చీటీ చదివి, ముందు బాత్రూంలో బకెట్ సంగతి చూడండి. చేపల తొట్టిలో పెడతానని మీరు తెచ్చిన సముద్రపు రాయి నానుతున్న ఉప్పునీళ్లు కంపు కొడుతున్నాయి. నీళ్లు మార్చి, మళ్లీ ఉప్పునీళ్లే పోసి, బకెట్‌ని బాల్కనీలో నీడకు పెట్టండి. బుడగల మోటారు మాత్రం ఆపకండి. నిన్న అత్తయ్య బట్టల బ్రష్షుతో రాయిని తోమబోతుంటే, దాన్నిండా కంటికి కనపడని ప్రాణులుంటాయని చెప్పి ఆపింది నేను. "రాయికి ప్రాణమేమిటే, మీ ఇద్దరికీ మతి పోయిందా?" అని చీవాట్లు తిన్నదీ నేనే.

ఒక్క మాట అడుగుతాను. అక్వేరియం కొట్లో ఒక్కో రాయినీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది కుళ్లు వాసన, ఇది సముద్రం వాసన అంటూ పూటంతా ఎంచారే, పొద్దున మీ పక్కనే పాలు మాడిపోతుంటే ఆ ముక్కు ఏమైంది? గిన్నె నానబెట్టాను, తోమేది మీరే. రాయిని తోమకూడదు గానీ, గిన్నెని తోమితే దాని ప్రాణమేం పోదు.

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా.

అన్నట్టు, ఇందాక రాయి బొక్కలోంచి గోరంత పీత ఒకటి తొంగి చూసింది. దాన్ని చూద్దామని వంగితే, ఆ కంపులోనే నిజంగా సముద్రం వాసన తగిలింది. పెళ్లయిన కొత్తలో నాకు సముద్రం చూపిస్తానన్నారు. బకెట్‌లో చూపించి సరిపెడదామనుకుంటున్నారేమో, కుదరదు.